చిల్లు లేని గూడు

గీజర్లు బిగించే తమ్ముళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ముందే ఒక మాట చెప్పాలి. భద్రాచలం, సారపాక వైపు నా గురించి మీరు విన్నవన్నీ నమ్మకండి. ఏన్కూరు దగ్గర ఒక ఇంట్లో ఎలుగుబంటి స్నానాల గదిలో దూరి, నేను బిగించిన గీజరు తిప్పుకుని, గోరువెచ్చని నీళ్ళ కింద వీపు రుద్దుకుని, పోతూ పోతూ నల్లా కట్టేసి పోయిందని నేను చెప్పిన మాట నిజమే. నల్లా కట్టేసిందన్నది మాత్రం నేను కలిపింది. మనుషులే కట్టరు, ఎలుగుబంటి కడుతుందా?

ఇప్పుడు చెప్పేదానిలో ఎలుగుబంటి లేదు. వేలెడు కూడా లేని పురుగు ఒకటి ఉంది. అది దాని పని అది చేసింది. నా పని నేను చెయ్యలేదు. కథంతా ఇంతే. అయినా పూర్తిగా చెప్తాను, ఎందుకంటే మీలో నాలాంటి నోటిదూల ఉన్నవాడు ఒక్కడైనా ఉంటాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు గ్యాస్ గీజరును కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు. అప్పటిదాకా పెరట్లో రాళ్ళపొయ్యి, దానిమీద మసిపట్టిన కాగు, కింద అడవి కట్టెలు. కట్టెలకు పోతే అటవీశాఖ జంగలాత్‌వాళ్ళు ఊరుకోవడం మానేశారు. సారపాక కాగితం మిల్లులో పనిచేసేవాళ్ళకు షిఫ్టు వేళకు నీళ్ళు కాగాలి. అట్లా ఇంటింటికీ రేకు డబ్బాలు ఎక్కడం మొదలైంది. భద్రాచలంలో స్టవ్వులూ గీజర్లూ అమ్మే ఒక షాపులో నేను ఫిట్టర్‌ని.

ఆ డబ్బాలో మంట ఉంటుంది, మంట మీద రాగి గొట్టంలో నీళ్ళు తిరుగుతాయి. మీకు తెలిసిందే. మంట కూడా మనం పీల్చే గాలినే తింటుంది, తిని చెడ్డగాలి వదులుతుంది. ఆ చెడ్డగాలి గది దాటిపోవడానికి గోడలోంచి మూడంగుళాల రేకు గొట్టం బయటికి పెట్టేవాళ్ళం. జనం దాన్ని పొగగొట్టం అన్నారు. ఆ పేరే తంటా తెచ్చింది. పొగగొట్టం అంటారు కానీ అందులోంచి పొగ కనపడదు, వాసన రాదు. కనపడనిదానికి గొట్టమెందుకని, బల్లులు వస్తున్నాయని, కొందరు దాంట్లో గుడ్డపీలికలు కుక్కేవాళ్ళు.

షాపులో నాకంటే పెద్ద ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. బొగ్గుగనిలో చాలాకాలం లోపలి పనిచేసి, ఒంట్లో బాగుండక ముందే బయటికొచ్చి, మా దగ్గర చేరాడు. అందరం పెద్దన్న అనేవాళ్ళం. నేను రోజుకు వెయ్యి మాటలాడితే ఆయన వారానికి పది. ఏ ఇంటికి పోయినా గీజరు వైపు చూసేవాడు కాదు, ముందు తలెత్తి గది కప్పు వైపు, కిటికీ వైపు చూసేవాడు. దేవుడికి దండం పెట్టుకుంటున్నాడేమో అనుకుని ఇంటివాళ్ళు కాసేపు ఆగేవాళ్ళు. ఒకసారి నేనే అడిగాను.

"ఏం చూస్తవన్నా పైకి?"

"గాలి."

"కనపడుతదా?"

"కనపడదు గాబట్టే చూస్త. గనిల గాలి చెడితె ముందుగాల మనిషికి ఎరుకనే కాదు. తలకాయ నొస్తది. కడుపుల తిప్పుతది. ఇంక నిద్రొస్తది. నిద్ర కమ్మగ ఉన్నదనుకున్నవా, అయిపోయినవ్."

పుస్తకాల్లో దాని పేరు కార్బన్ మోనాక్సైడ్ అని తర్వాతెప్పుడో చదివాను. పెద్దన్నకు ఆ పేరు తెలియదు. దాని నడక తెలుసు.

సారపాకలో ఒక ఇల్లు. మిల్లుకు వచ్చే వెదురు లారీల దగ్గర పనిచేసి మానుకున్న పెద్దాయన, ఆయన భార్య, మిల్లులోనే కాంట్రాక్టు పని చేసే కొడుకు, కోడలు. నలుగురే. ఆ పిల్లకు పెళ్ళై ఆరేళ్ళు, కడుపు పండలేదు. ఈ సంగతి నాకు ఎట్లా తెలుసంటే, ఆ ఇంట్లో టీ తాగినవాళ్ళందరికీ తెలుసు. పెద్దమ్మ టీతో పాటు ఆ మాట కూడా ఇచ్చేది. కోడలు మాత్రం గ్లాసు పెట్టి లోపలికి వెళ్ళిపోయేది.

వాళ్ళ గీజరు బిగించింది నేనే. మా ఎండల సంగతి మీకు చెప్పాలా, హోళీ దాటిందంటే మా దగ్గర చల్లనీళ్ళే కాగి వస్తాయి. మళ్ళీ దసరా పోయాక గానీ గీజరు వెలిగించరు. ఆ మధ్యలో ఆరేడు నెలలు గొట్టం ఖాళీ. అందుకే చలికాలం ముందు ఇంటింటికీ తిరిగి గొట్టం దులిపి, మంట చూసి, సర్వీసు కార్డు మీద రాసి రావాలి.

ఆ ఏడు దసరా అయిన వారానికి వెళ్ళాను. బయటినుంచి నిచ్చెనేసుకుని ఎక్కితే గొట్టం మూతి దగ్గర ఎర్రమట్టి. కుమ్మరి పురుగు గూడు, అదే, మట్టితో ఇల్లు కట్టే కందిరీగది. ఒకటి కాదు, ఒకదానికొకటి అతికించి, సన్నికల్లులా నున్నగా మెత్తింది. పైన ఒక పక్క వేలు పట్టేంత సందు మిగిలింది. స్క్రూడ్రైవరు తీసి పొడవబోయాను.

"ఆగు! ఆగు బిడ్డా! చెయ్యి పెట్టకు!"

కింద పెద్దమ్మ. చేతిలో చేట అట్లాగే ఉంది, బియ్యం సగం నేల మీద ఉన్నాయి.

"ఏంది పెద్దమ్మా, కరుస్తదనా?"

"కరిసుడు గాదయ్యా. కుమ్మరి పురుగు గూడు పెట్టిన ఇంట్ల ఆడిమనిషి నీళ్లోసుకుంటది. వానలల్ల మట్టి తెచ్చుకుంట తిరుగుతాంటె నేనే చూసిన. నెల సంది ఎవ్వల్ని అటు పోనిస్తలేను. ముట్టకు, నీ కాల్మొక్త."

చదివేవాళ్ళు వేరే వైపువాళ్ళైతే చెప్తున్నాను. మా దగ్గర నీళ్ళు పోసుకోవడం అంటే స్నానం చెయ్యడం. నీళ్ళు పోసుకుంది అని ఇంటి కోడలి గురించి చెవిలో చెప్తే మాత్రం కడుపుతో ఉందని. గీజరు ఫిట్టరుకు రెండర్థాలూ అవసరమే అని నేను జోకులేస్తుండేవాణ్ణి.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఒకటే. దిగి, ఆమెకు సంగతి చెప్పి, ఒప్పించి, గూడు తియ్యడం. ఒప్పుకోకపోతే గ్యాసు కట్టేసి రావడం. నేనేం చేశాను? నిచ్చెన మీద నిలబడి, గూటిని అటూ ఇటూ చూసి, జ్యోతిష్కుడిలా గొంతు సవరించుకున్నాను.

"పెద్దమ్మా, గుండ్రంగుంటె ఆడపిల్ల, పొడుగుంటె మొగపిలగాడు. ఎరుకేనా?"

"మరి ఇదేందయ్యా?"

"పొడుగే. ఇంత పొడుగు గూడు నా సర్వీసుల చూడలే."

ఆమె ముఖం చూడాలి మీరు. నాకు ఆ రోజు టీతో పాటు సకినాలు కూడా వచ్చాయి. స్నానాల గది తలుపు తెరిచి పెట్టుకుని గీజరు వెలిగించాను. మంట నీలంగానే ఉంది, అంటే గాలి సరిపోతున్నట్టు. తలుపు బార్లా తెరిచి ఉంటే ఎందుకు ఉండదు? పైన చిన్న కిటికీ ఉంది కదా, సందు ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కార్డు మీద 'గొట్టం శుభ్రం చేయబడినది' అని రాసి సంతకం పెట్టాను. నేను ఆడిన అబద్ధాల్లో రాతపూర్వకంగా ఉన్నది అదొక్కటే.

మూడు వారాలు గడిచాయి. కార్తీకం, సోమవారం. గోదావరి మీద మంచు అప్పుడే విడిపోతోంది. పొద్దున్నే షాపు తెరిచి కూర్చున్నాం. పెద్దన్న మూలన నేలమీద కూర్చుని ఒక బర్నరును బ్రష్షుతో రుద్దుతున్నాడు. ఆటో దిగి పెద్దమ్మ వచ్చింది. చేతిలో పాలకోవా పొట్లం.

"నీ నోట్ల చక్కెర బొయ్య బిడ్డా! కోడలు నీళ్లోసుకుంది."

"నేను చెప్పలేదా పెద్దమ్మా!" అన్నాను. కోవా నోట్లో వేసుకుని ఇంకోటి అందుకున్నాను. "దవాఖానల చూపిచ్చినరా?"

"ఎందుకయ్యా, మూడు నెలలు నిండేదాక నలుగురి నోట్ల పడొద్దు. నీ మాట ఫలించిందని నీకొక్కనికి చెప్తున్న. వారం సంది పొద్దున నీళ్లు పోసుకొని బయటికి రాంగనే కండ్లు తిరుగుతున్నయంటది, కక్కుతది. కాసేపు వాకిట్ల కూసుంటె మంచిగైతది. నెలసరి గూడ నాలుగొద్దులు దాటింది. ఇంకేం గావాలె? సలి తగలొద్దని బాత్రూం కిటికీకి అట్టపెట్టె చింపి నేనే అడ్డం పెట్టిన. మంచిగ వేడినీళ్లు పోసుకొమ్మన్న."

ఈ మాటలన్నీ నేను విన్నాను. ఒక్కో మాటా చెవిలో పడింది. కోవా నములుతూనే ఉన్నాను. బ్రష్షు చప్పుడు ఆగిపోయిందని మాత్రం గమనించాను.

"అమ్మా," పెద్దన్న అన్నాడు, "ఇంట్ల ఇంకెవరికన్న తలకాయ నొస్తున్నదా?"

"మా ముసలాయనకు రెండొద్దుల సంది. నిన్న ఆయన గూడ కక్కిండు. చిక్కుడుకాయ పడలేదన్నడు."

"ఎప్పుడు? నీళ్లు పోసుకున్నంకనా?"

"అవ్, తానం చేసొచ్చి."

"ఆయన గూడ నీళ్లోసుకున్నడా?"

పెద్దమ్మ నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగింది. అది జోకు కాదు. పెద్దన్న జోకు వెయ్యడం నేనెప్పుడూ వినలేదు. ఆయన నా వైపు తిరిగాడు.

"ఆ ఇంట్ల గొట్టం తుడిసినవా తమ్మి?"

"తుడిసిన." నోరు అలవాటు ప్రకారం అనేసింది.

ఆయన కదలకుండా చూస్తున్నాడు.

"లేదన్నా," అన్నాను. "గూడుంది. ఉంచిన."

"అమ్మా, ఇప్పుడు నీ కోడలు ఏం చేస్తున్నది?"

"సోమవారం గద. తల పోసుకుంటనన్నది. నేనొచ్చేటప్పుడు కుంకుడుకాయలు కొట్టుకుంటున్నది."

కుంకుడుకాయల తలస్నానం ఎంతసేపో ఇంట్లో ఆడవాళ్ళున్న ప్రతివాడికీ తెలుసు. కోవా పొట్లం బల్ల మీద పడేసి ఫోను అందుకున్నాను. వాళ్ళింటి పక్కన కిరాణా కొట్టులో ఫోనుండేది, నంబరు మా పుస్తకంలో ఉంది. తిప్పాను. కొట్టతను ఎత్తాడు.

"తమ్మీ, జల్దీ ఉరుకు, పక్కింటి బాత్రూం తలుపు పలగ్గొట్టు. లోపల కోడలు పిల్ల ఉన్నది."

అవతల నవ్వు.

"మళ్ల ఎలుగుబంటి వచ్చిందా అన్నా? ఈసారి షాంపూ గూడ తెచ్చుకున్నదా?"

"అరే, నిజంరా!"

"అప్పుడు గూడ నిజమేనంటివి గద," అని ఫోను పెట్టేశాడు.

తమ్ముళ్ళారా, నా బతుకులో నన్ను నేను తిట్టుకున్న రోజులు తక్కువ. ఆ రోజు రిసీవరు చేతిలో పట్టుకుని, బొయ్‌మని మోగుతుంటే, ఏన్కూరు ఎలుగుబంటిని ఆ అడవిలోకే తిరిగి తోలెయ్యాలనిపించింది. పెద్దన్న లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకుని మళ్ళీ తిప్పాడు. తన పేరు చెప్పాడు. "ఆ పిల్ల సస్తది. పో," అన్నాడు. అంతే. వారానికి పది మాటలు ఆడేవాడి మాట బరువు ఎంతో ఆ వేళ చూశాను. అవతల ఫోను పెట్టిన చప్పుడు కూడా రాలేదు. వదిలేసి పరుగెత్తినట్టున్నాడు.

పెద్దమ్మను ఆటోలో పంపించి మేమిద్దరం బండి మీద బయల్దేరాం. గోదావరి వంతెన మీద ఎదురుగా లారీలు. ఆ వంతెన అంత పొడుగని అంతకుముందు నాకు తెలియదు. వెనక పెద్దన్న నా భుజం మీదుగా దారినే చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది.

మేం వెళ్ళేసరికి తలుపు గడియ ఊడి వేలాడుతోంది. పెద్దాయనా కొట్టతనూ కలిసి తోశారట, కొడుకు మిల్లులో షిఫ్టులో ఉన్నాడు. పక్కింటి ఆడవాళ్ళు ఆ పిల్లను దుప్పటిలో చుట్టి వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. జుట్టులో కుంకుడు నురుగు అట్లాగే ఉంది. ముఖం పాలిపోయింది, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, పిలిస్తే పలకడం లేదు. కానీ ఊపిరి ఆడుతోంది. చుట్టూ మూగినవాళ్ళను పెద్దన్న రెండు చేతులతో వెనక్కి నెట్టాడు. "గాలి రానియ్యిండ్రి," అన్నాడు. తర్వాత లోపలికి పోయి గ్యాసు కట్టేసి, కిటికీకి ఉన్న అట్టను లాగి పారేశాడు. ఆపేముందు మంట చూశాడట, పసుపుపచ్చగా నాలుకలు చాపుతోందని తర్వాత చెప్పాడు.

దవాఖానాలో ఆక్సిజన్ పెట్టారు. గంట దాటాక ఆ పిల్ల కళ్ళు తెరిచి, "నీళ్లు కట్టేసిన్రా?" అని అడిగింది. పెద్దాయనకు కూడా కాసేపు ఆక్సిజన్ పెట్టారు.

మధ్యాహ్నం డాక్టరమ్మ బయటికి వచ్చింది. ప్రాణానికి భయం లేదంది. పెద్దమ్మ ఆమె చెవి దగ్గర ఏదో అడిగింది. డాక్టరమ్మ పరీక్ష చేసిన కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. కడుపు లేదు.

పెద్దమ్మ వచ్చి బల్ల మీద నా పక్కనే కూర్చుంది. ఈసారి తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకున్నాను.

"పొడుగున్నదంటివి గద బిడ్డా," అంది.

కొంగు సర్దుకుని కోడలి మంచం దగ్గరికి లేచి వెళ్ళింది.

మర్నాడు పొద్దున నిచ్చెనా సంచీ తీసుకుని వెళ్ళాను. రమ్మని ఎవరూ పిలవలేదు, పొమ్మని కూడా అనలేదు. పెద్దాయన వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. కోడలు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది, భుజాల చుట్టూ దుప్పటి. పెద్దమ్మ లోపలెక్కడో ఉంది, గిన్నెల చప్పుడు వస్తోంది.

గూటిని ముక్కలు కాకుండా చుట్టూ గీకి, మెల్లగా ఊడదీశాను. అరచేయంత మట్టి. దాని బరువు చూస్తేనే తెలిసింది. కుమ్మరి పురుగు గదికొక గుడ్డు పెట్టి మూసేసి పోతుంది, పిల్ల పెరిగాక మట్టికి చిల్లు పెట్టుకుని ఎగిరిపోతుంది. చిల్లుంటే ఎగిరిపోయినట్టు. ఆ గూట్లో ఒక్క గదికి కూడా చిల్లు లేదు. మూడు వారాల వేడికి అన్నీ లోపలే ఉండిపోయాయి.

"అన్నా," కింద నుంచి ఆ పిల్ల పిలిచింది. ఆమె నాతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. "గూటికి చిల్లుందా?"

చూడండి, ఆమె అడవి పక్క ఊళ్ళో పుట్టిన పిల్ల. ఆమెకు ఆ లెక్క నాకంటే బాగా తెలుసు.

"ఉంది చెల్లే," అన్నాను. "అన్నిటికీ ఉంది. ఎప్పుడో ఎగిరిపోయినయి."

"ఏదీ?"

"చేతిల పట్టంగనే పొడైంది," అని గూటిని సంచిలో వేసుకున్నాను.

ఆమె సరే అన్నట్టు తల ఊపి దుప్పటి సర్దుకుంది. నిచ్చెన పట్టుకున్న పెద్దాయన మాత్రం సంచిలో పడకముందే నా చేతిలోని గూటిని చూశాడు. చిల్లుల్లేవని చూశాడు. నేను గొట్టం మూతికి ఇనుపజాలి బిగిస్తుంటే ఇంటి వెనక్కి వెళ్ళి, జానెడు వెదురు బొంగు కోసుకొచ్చి అందించాడు. జీవితమంతా వెదురు ఎత్తినవాడు కదా, కోత అద్దంలా ఉంది.

"ఇదెందుకు పెద్దయ్యా?"

"నీ గొట్టానికి జాలి పెడ్తివి. మంచిదే. మరి ఆ పురుగెక్కడ పోవాలె? దాని జాగ దానికి చూపియ్యకుంటె ఇంకేదో సందుల దూరుతది. ఈడ కట్టు, గోడకు."

గొట్టానికి రెండు మూరల దూరంలో, ఎండ తగిలేచోట తీగతో కట్టాను. గీజరును కూడా ఆ రోజే గదిలోంచి తీసి, అదే గొట్టంతో బయట గోడకు బిగించాను. అసలు మొదటిరోజే అక్కడ బిగించాల్సింది. మీరు ఏ ఇంటికి పోయినా అదే చెయ్యండి. కుదరదంటే బకెట్టు నిండాక గీజరు కట్టేసి అప్పుడు గడియ పెట్టుకోమనండి. కిటికీకి అట్ట కనపడితే అడక్కుండా పీకండి.

షాపుకు వచ్చి మా సేటుకు కార్డు సంగతి నేనే చెప్పాను. రెండు నెలలు సర్వీసుకు పంపకుండా కౌంటరు దగ్గర కూర్చోబెట్టాడు. పెద్దన్న నాతో ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. కాకపోతే నేను సర్వీసు కార్డు నింపినప్పుడల్లా, కొంతకాలం దాకా, పక్కకొచ్చి నిలబడేవాడు. నేను రాయడం అయ్యాక వెళ్ళేవాడు.

ఆ తర్వాత నేను బిగించిన ప్రతి గీజరు గొట్టానికి జాలి, దాని పక్కన గోడకు జానెడు వెదురు బొంగు. ఇదేందయ్యా అని అడిగితే కంపెనీ ఫిట్టింగు అనేవాణ్ణి. బొంగు లేకుండా బిగిస్తే గ్యారంటీ ఇవ్వరని కూడా చెప్పాను. మధిర వైపు ఒకాయన వేరే ఫిట్టరుతో బొంగు పెట్టలేదని కొట్లాడాడట. దానికి నేను బాధ్యుణ్ణి కాను.

ఆ పిల్లకు తర్వాత పిల్లలు పుట్టారా అని ఇది విన్నవాళ్ళందరూ అడుగుతారు. పుట్టారంటే ఎలుగుబంటిలాగే ఇదీ అంటారు. పుట్టలేదంటే మీకు రాత్రి అన్నం సయించదు. అందుకని ఆ ముక్క నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇప్పుడు మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు, పని మానేశాను. మొన్నామధ్య సారపాక నుంచి కొత్త ఫిట్టరు ఒకతను ఫోన్ చేశాడు. నేనెప్పుడో బిగించిన పాత గీజరు తీసి కొత్తది పెడుతున్నాడట.

"అన్నా, గోడకు ఈ బొంగు ఏంది? కంపెనీ పుస్తకంల యాడ లేదు. తీసేస్తున్న."

"ఆగు తమ్మీ. లోపల చూడు. మట్టి ఉన్నదా?"

"ఉన్నది. గదులు గదులు కట్టింది."

"చిల్లున్నయా?"

అతను బొంగును తట్టి, తిప్పి చూస్తున్న చప్పుడు వినబడింది.

"మూడింటికి ఉన్నయి. ఒకదానికి లేదు."

"అయితె గొట్టం తుడిసి, జాలి మార్చి పో," అన్నాను. "బొంగు ఉండనియ్యి. ఇంకొకటి ఉన్నది లోపల."